గృహస్థుని బ్యాటరీ

కరెంటు పోయినపుడు మనము మొదట చూచునది ఫ్యాను తిరుగుచున్నదా లేదా యని. తిరుగుచున్నయెడల బ్యాటరీ సంగతి తలంపునకే రాదు. మెట్లక్రింద, చీకటి మూలలో, చీపుళ్లకును పాత వార్తాపత్రికలకును నడుమ అది పడియుండును. దానిలో నీరు పోసి యెన్నాళ్లయినది, దాని వయస్సెంత, అని యడిగినచో ఇంటిల్లిపాదియు నొకరి మొగము నొకరు చూచుకొందురు. నేను పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. శబ్దమంజరియు, బాలవ్యాకరణమును చదువుకొన్నవాడనే గాని విద్యుచ్ఛాస్త్రము చదివినవాడను గాను. అట్టి నేను ఈ విషయమును గూర్చి మాటలాడుటకు కారణము కలదు. ఈ పెట్టెను నేను రెండు మాఱులు పాడుచేసితిని. రెండవ మాఱు దానివలన మా యింట నొకరికి ప్రాణముమీదికి వచ్చెను.

మన శాస్త్రగ్రంథములలో దీనిని విద్యుద్ఘటమాల యందురు. పండితుల పేరని నవ్వవలదు. వస్తుతత్త్వము ఆ పేరులోనే యున్నది. పెట్టెపై ఆఱు మూతలు కనబడును. ఒక్కొక్క మూతక్రింద నొక్కొక్క ఘటము. ఘటమునకు రమారమి రెండు వోల్టులు. ఆఱు ఘటములను మాలగా గ్రుచ్చినందున పండ్రెండు వోల్టులు. అందులో నొక్క ఘటము చెడినను పెట్టె యంతయు చెడినట్లే. అయినను దుకాణమునకు పోయి విద్యుద్ఘటమాల కావలెనన్నచో పూలకొట్టు చూపుదురు గావున నేనును బ్యాటరీ యనియే యందును.

2012, 2013 సంవత్సరములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కరెంటు కోతలు మిక్కుటముగా నుండెను. హైదరాబాదు నగరమునందును వేళలు ప్రకటించి కోత పెట్టుచుండిరి. మా కొత్తపేటలో అప్పటికి పండ్ల మార్కెట్టు ఉండెను. అది 2021లో బాటసింగారమునకు తరలిపోయినది. ఆ దినములలో రాత్రింబవళ్లు లారీలు వచ్చుచు పోవుచుండెడివి. లారీలున్నచోట లారీ బ్యాటరీలును ఉండును. నేనొక దుకాణమున ఇన్వర్టరు కొని, దానికి తగిన బ్యాటరీ నిమ్మంటిని. దుకాణదారుడు చౌకగా నున్నదాని నొకదానిని చూపి, "సార్, ఇది లారీనే లేపుతది, మీ ఫ్యాను తిప్పదా?" అనెను. ఆ వాదము నాకు నిర్దుష్టముగా తోచెను. తర్కమున దీనినే కైముతికన్యాయ మందురు: పెద్దపని చేయగలది చిన్నపని చేయగలదని వేఱుగా చెప్పనేల? ఎనిమిది నెలలు గడచునప్పటికి ఆ బ్యాటరీ ఒక్క ఫ్యానును పది నిమిషములైనను తిప్పలేకపోయెను. న్యాయము మంచిదే, తగనిచోట దానిని వాడినవాడను నేను.

లారీని లేపుట యనగా కొన్ని క్షణములపాటు వందలకొలది ఆంపియర్ల ప్రవాహమును ఒక్కపెట్టున ఇచ్చుట. ఇంజను లేచినవెంటనే దానితో తిరుగు యంత్రము బ్యాటరీని మరల నింపివేయును. తన నిలువలో అత్యల్పభాగమే అది వ్యయపఱచినది. అందుకు తగినట్లుగా దానిలోని పలకలు పలుచనివి, సంఖ్యలో అనేకములు. ఇంటి బ్యాటరీ పని యట్టిది కాదు. పది, ఇరువది ఆంపియర్ల చొప్పున మెల్లమెల్లగా, గంటలతరబడి, నిలువలో సగమునకు మించి ఇచ్చివేసి, మరల మెల్లగా నింపుకొనవలెను. పలుచని పలకలను ఇట్లు లోతుగా వాడినయెడల వానికి పూసిన పదార్థము మాఱుమాఱునకును కొంతకొంత రాలి అడుగున బురదవలె చేరును. పందెపు గుఱ్ఱమును నాగలికి కట్టినట్లగును.

ఇంటి పనికి ట్యూబులర్ అను జాతి బ్యాటరీని చేయుదురు. ఇందులో ధనపలకకు బదులుగా సీసపు కడ్డీలను వరుసగా నిలిపి, ఒక్కొక్క కడ్డీకి సన్నని నేతగొట్టమును తొడిగి, ఆ గొట్టములో సీసపు భస్మమును దట్టింతురు. గొట్టము పట్టియుంచుటచేత పదార్థము సులభముగా రాలదు. ఐరోపా దేశములలో సెలవుదినములందు కారు వెనుక చక్రముల యింటిని తగిలించుకొని ఊరూరు తిరుగువారు కలరు. ఆ యింటిని కారవాను అందురు. వారు కారును లేపుటకొక బ్యాటరీని, కారవానులోని దీపములకును నీటిపంపునకును వేఱొక బ్యాటరీని ఉంచుకొందురు. ఈ రెండవదానికి వారు పెట్టిన పేరునకు విశ్రాంతివేళల బ్యాటరీ యని యర్థము. ఒకదాని పనిని వేఱొకదానిచే చేయింపరాదని వారు నేర్చిరి. మన మెట్లక్రింది పెట్టెయు ఆ విశ్రాంతివేళల జాతికి చెందినదే.

దీని లోపల జరుగు వ్యాపారమును కొంత చెప్పవలెను. అది తెలిసినగాని సంరక్షణలోని నియమములు అర్థము కావు. 1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు రేకులను గంధకామ్లము కలిపిన నీటిలో ముంచి, మరల మరల నింపదగిన బ్యాటరీని మొదట నిర్మించెను. నేటికిని మూలసూత్ర మదియే. ఒక పలకపై గోధుమవన్నె సీసపు భస్మము, రెండవదానిపై బూడిదవన్నె మెత్తని సీసము. మనము కరెంటు తీయుచున్నకొలది ఆమ్లములోని గంధకాంశము రెండు పలకలలోనికిని పోయి, రెండును గంధకితముగా మాఱును. ద్రవము పలుచబడి నీటికి దగ్గఱ యగును. చార్జి చేసినపుడు గంధకాంశము పలకలను వీడి ద్రవములోనికి తిరిగివచ్చును. కావుననే ద్రవపు చిక్కదనమును కొలిచి లోపలి నిలువ నెఱుంగవచ్చును. ఆ కొలతకు హైడ్రోమీటరు అను గాజుగొట్టము దుకాణములలో స్వల్పమూల్యమునకే దొరకును. ఇంటి ట్యూబులర్ బ్యాటరీ నిండుగా నున్నపుడు అది 1.240 ప్రాంతమున నిలుచును. 1.150కు దిగినచో చాలవఱకు ఖాళీ యని యర్థము.

ఇక్కడ నొక సూక్ష్మము కలదు. అప్పుడే పుట్టిన గంధకితము పిండివలె మెత్తనిది, చార్జి చేయగానే విడిపోవును. బ్యాటరీని ఖాళీగా నుంచి వారములతరబడి వదలినయెడల ఆ పిండి పటికబెల్లమువలె గట్టిస్ఫటికములై పలకలను మూసివేయును. పిమ్మట నెంత చార్జి చేసినను అది కరగదు. వేసవి సెలవులకు ఊరికి పోవుచు మెయిన్ స్విచ్చి కట్టివేసి, ఇన్వర్టరును మాత్రము మఱచిపోవువారు తిరిగివచ్చి, మంచి బ్యాటరీ వాడకయే యెట్లు చచ్చినదని ఆశ్చర్యపడుదురు. వాడకపోవుటయే దాని చావునకు కారణము.

2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట కోతలు క్రమముగా తగ్గెను. మా యిన్వర్టరు అటకయెక్కెను. 2018లో మా పెద్దక్క మా యింటికి వచ్చి చేరెను. యౌవనమంతయు కట్టెలపొయ్యి పొగలో గడపినది గావున ఆమె ఊపిరితిత్తులు చెడియుండెను. రాత్రులందు ఆక్సిజన్ కాన్సెంట్రేటరు పెట్టుకొనవలెనని వైద్యులు చెప్పిరి. ఆ యంత్రము గదిలోని గాలినుండి ప్రాణవాయువును వేఱుచేసి యిచ్చును. కరెంటు లేనిచో అది వట్టి డబ్బా. మరల బ్యాటరీ కొనబోయితిని. ఈ మాఱు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కుఱ్ఱవాడు నన్ను ధర యడుగనీయక, "సార్, ఏమేం నడపాలె? ఎన్ని గంటలు నడపాలె? ముందుగాల అది చెప్పుండ్రి" అనెను. ఈ రెండు ప్రశ్నలు అడుగని దుకాణమున బ్యాటరీ కొనరాదని నా యభిప్రాయము.

ఆ లెక్క అయిదవ తరగతి బాలుడు చేయదగినది. సామాన్య గృహమున రెండు ఫ్యానులు, ఒక్కొక్కటి 75 వాట్లు, నాలుగు ఎల్.ఇ.డి. దీపములు, ఒక్కొక్కటి 9 వాట్లు; చిల్లర పరికరములకు మఱి 14 వాట్లు. మొత్తము 200 వాట్లు. ఇన్వర్టరు తనలో తాను కొంత మ్రింగును గనుక 250 అనుకొనుడు. దానిని 12 వోల్టులచే భాగింపగా రమారమి 21 ఆంపియర్లు. అయిదు గంటలకు 105 ఆంపియరు-గంటలు. 150 గుర్తుగల బ్యాటరీ ఈ పనికి చాలును. తన నిలువలో మూడింట రెండు వంతులకు మించి కొంచెము వాడబడును. నిలువ నంతయు పీల్చివేయు అలవాటు బ్యాటరీ ఆయుర్దాయమును హరించును. సగమువఱకే వాడబడునది చాల యేండ్లు ఎక్కువ బ్రతుకును.

పెట్టెపై వ్రాసిన 150 అను సంఖ్యను గూర్చియు నొక మాట. ఇంటి బ్యాటరీలపై సాధారణముగా నుండునది ఇరువది గంటలలో మెల్లగా ఖాళీచేసినపుడు వచ్చు లెక్క, అనగా గంటకు ఏడున్నర ఆంపియర్లు. వేగముగా తీసినకొలది మొత్తమే తగ్గును. మా అక్క యంత్రమునకు రమారమి 350 వాట్లు కావలెను. ఇన్వర్టరు మ్రింగునది కలిపి చూడగా 36 ఆంపియర్లు. 150ని 36చే భాగించి నాలుగు గంటలు వచ్చునని నేను సంతోషించితిని. కుఱ్ఱవాడు తల యడ్డముగా ఊపి, క్రొత్తగా నున్నపుడు మూడు గంటలకు మించదనియు, ఆపదకు రెండు గంటలనియే లెక్కపెట్టుకొనుమనియు చెప్పెను. అతడు చెప్పినదే సత్యము. ఇట్టి వైద్యయంత్రము లున్నవారు శుద్ధమైన తరంగము నిచ్చు, అనగా ప్యూర్ సైన్‌వేవ్ అను జాతి ఇన్వర్టరును తీసికొనవలెను. యంత్ర మమ్మినవారిని ముందుగా నడిగి తెలిసికొనవలెను. బ్యాటరీ యెంత పెద్దదైనను, నిండిన సిలిండరు నొకదానిని ఇంట వేఱుగా నుంచుకొనవలెను. ఈ చివరిమాట నాకు అప్పుడెవరును చెప్పలేదు.

కొనునపుడు తయారైన నెల అడిగి చూచుకొనుడు. దుకాణములో నెలలతరబడి నిలిచినది క్రొత్తది కాదు. చేతితో ఎత్తిచూచుటయు మంచిదే. సీసమే దాని సారము గనుక, ఒకే గుర్తుగల రెండింటిలో మిక్కిలి తేలికయైనదానిని శంకింపవలెను.

ఇక నీటి సంగతి. బ్యాటరీ చార్జి యగునపుడు దానిలోని నీరు కొంత వాయువులుగా విడిపోయి తగ్గును. మూతలపై నుండు తేలుడుపుల్లలు ఎఱ్ఱగీతకు దిగినపుడు నీరు పోయవలెను. నేను పోసితిని. ఏ నీరు? మా బోరు నీరు. నీరు నీరే గదా యనుకొంటిని. శుద్ధాశుద్ధ వివేకము దేవతార్చనకే గాని ఈ నల్లని పెట్టె కేల యని నా తలంపు. అదియును జ్ఞాపకము వచ్చినపుడు మాత్రమే పోసితిని. కోతలు లేని రోజులు గదా! కొన్ని నెలలు దానివంక చూడనేలేదు.

2020 అక్టోబరు 13వ తేదీన హైదరాబాదుపై కురిసిన వాన మీలో పలువురకు జ్ఞాపక ముండును. సరూర్‌నగర్ చెఱువు పొంగి దిగువ కాలనీలు నీట మునిగెను. మా గల్లీలోను మోకాలిలోతు నీరు నిలిచెను. రాత్రి కరెంటు పోయెను, ఇన్వర్టరు అందుకొనెను, అక్క యంత్రము బుసబుసమనుచు సాగెను. నేను నిశ్చింతగా కుర్చీలో చేరగిలబడితిని. పదునెనిమిదవ నిమిషమున ఇన్వర్టరు కీచుమని కూయ నారంభించెను. మఱి రెండు నిమిషములకు ఆగిపోయెను. చీకటిలో అక్క మంచముపై లేచి కూర్చుండి, రెండు చేతులను మోకాళ్లపై నానించి, "తమ్మీ, గాలి వస్తలేదు" అనెను. ఆ మాట యెంత మెల్లగా వచ్చెనో నేను చెప్పలేను.

పై యంతస్తువారు తమ ఫ్యానులను దీపములను ఆర్పుకొని, కిటికీగుండా మాకు వైరు వదలిరి. వారి బ్యాటరీ రెండున్నర గంటలు నిలిచెను. ఈలోగా వారి పిల్లవాడు నీళ్లలో నడచిపోయి, తెలిసినవారి యింటనుండి ఆక్సిజన్ సిలిండరు నొకదానిని భుజముపై మోసి తెచ్చెను. తెల్లవాఱెను.

నీరు తీసిన పిమ్మట మెకానిక్కు వచ్చి మూతలు విప్పెను. మూడు ఘటములలో పలకల కొనలు ఎండి తెల్లగా పేరుకొనియుండెను. మిగిలినవానిలో హైడ్రోమీటరు 1.090 కంటె మీదికి లేవలేదు. "ఏ నీళ్లు పోసిండ్రు సార్?" అని యడిగెను. చెప్పితిని. అతడు మఱి మాటలాడక మూతలు బిగించెను.

మన ప్రాంతపు బోరునీరు కఠినజలము. నీళ్లు కాచు గిన్నె యడుగున తెల్లగా పేరుకొనునదే సాక్ష్యము. అందలి సున్నపు లవణములు పలకలపై చేరును. ఇనుము కలిసినచో బ్యాటరీ ఏ పనియు చేయక నిలిచియుండగనే తన నిలువను తాను తినివేయును. క్లోరైడు సీసమును కొఱుకును. నీరు మాత్రమే ఆవిరియై పోవును గాని లవణములు పోవు. పోసిన ప్రతిమాఱును అవి కూడుచునే యుండును. 2004 నుండి నగరమునకు వచ్చుచున్న కృష్ణాజలము త్రాగుటకు మంచిదే, బ్యాటరీకి కాదు. ఆర్.ఓ. యంత్రపు నీటిలోను కొంత లవణము మిగులును. ఏ.సి. గొట్టమునుండి కాఱు నీటిని పట్టి పోయువారు కలరు. అది దుమ్మును లోహపు మడ్డిని కడిగికొని వచ్చిన నీరు. డిస్టిల్డ్ వాటర్ అని వ్రాసియున్న డబ్బాలు బ్యాటరీ దుకాణములలో దొరకును. దానినే పోయవలెను. సంవత్సరమున కగు వ్యయము ఒక పూట పలహారమునకు మించదు.

నీరు పోయుటకును వేళ యున్నది. చార్జి నిండినపుడు ద్రవము పొంగును గనుక ముందు నింపి పిమ్మట చార్జిచేసినచో ఆమ్లము పైకి పొర్లి నేలను గుడ్డలను కాల్చును. కావున చార్జి ముగిసిన పిమ్మట పచ్చగీత వఱకు పోయవలెను. పలకలు బయటపడియున్నచో మాత్రము అవి మునుగువఱకు ముందే పోసి, తక్కినది పిమ్మట పోయవలెను. ఆమ్లమును మాత్రము ఎన్నడును పోయరాదు. తగ్గినది నీరే, ఆమ్లము కాదు. "ఆసిడ్ పోస్తే జోరుగ నడుస్తది" అని చెప్పువారు కలరు. వారి మాట వినవలదు.

మా యింట మొదట బ్యాటరీని దేవుని గదిప్రక్క గూటిలో నుంచితిమి. రోజూ రెండుపూటల అక్కడ దీపము వెలుగును. ఇది యెంతటి మూఢకార్యమో పిమ్మట తెలిసెను. చార్జి చివర వెలువడు వాయువులలో హైడ్రోజను కలదు. అది గాలిలో నూటికి నాలుగు వంతులు చేరినను నిప్పురవ్వ తగిలినపుడు ప్రేలగలదు. మూసిన అలమరలో, దీపముదగ్గఱ, అగరుబత్తిదగ్గఱ, గ్యాసుపొయ్యిదగ్గఱ బ్యాటరీని పెట్టరాదు. గాలి పాఱు వరండా మేలు. కాని పడమటియెండ తగులరాదు. వేడి పది డిగ్రీలు పెరిగినకొలది ఆయుర్దాయము సగమగునని ఈ పనివారి మోటలెక్క.

బ్యాటరీకొనలపై పచ్చగానో తెల్లగానో పట్టు పొడిని, ఇన్వర్టరు ఆర్పిన పిమ్మట, తినెడి సోడా కలిపిన నీటిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత వ్యాజలైను పూయవలెను. ఆ నీరు ఘటములలో పడకుండ మూతలు బిగించియుండవలెను. చేతి గాజులు, ఉంగరములు తీసి మఱి ముట్టుకొనుడు. రెండు కొనలకు నడుమ లోహము తగిలినచో అది క్షణములో ఎఱ్ఱగా కాలును. ఆమ్లము మేనిపై పడినచో వెంటనే ధారాళముగా నీళ్లతో కడుగవలెను. కంటిలో పడినచో కడుగుచునే ఆసుపత్రికి పోవలెను.

లిథియము బ్యాటరీలు ఇప్పుడు విరివిగా వచ్చుచున్నవి. తేలిక, నీరు పోయు పని లేదు, లోతుగా వాడినను ఓర్చుకొనును. వెల యెక్కువ. మీ ఇన్వర్టరు దానిని చార్జి చేయదగినదా యని చూచుకొనిన పిమ్మటనే కొనవలెను. జ్ఞాపకశక్తి తక్కువైన నావంటివారికి అదియే తగినదని మా అబ్బాయి యనును.

పాత బ్యాటరీని చిత్తుకాగితములవానికి అమ్మవలదు. వీథిలో పగులగొట్టి సీసము తీయుచోట ఆ ధూళి పిల్లల నోళ్లలోనికి పోవును; సీసము పిల్లల మెదడునకు విషము. 2022లో కేంద్రప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము తయారుచేసినవారే దానిని తిరిగి చేర్పించుకొని శుద్ధిచేయించవలెను. క్రొత్తది కొన్నపుడు పాతదానిని అచ్చటనే యిచ్చినచో వెలలో కొంత తగ్గింతురు.

ఇప్పుడు మా యింటనున్నది 2021లో కొన్నది. ప్రతి పున్నమనాడు ఉదయము నేను మెయిన్ కట్టివేసి, అక్క యంత్రమును సిలిండరుపైకి మార్చకయే అరగంటసేపు బ్యాటరీపై నడిపి చూతును. అక్క గడియారము పట్టుకొని కూర్చుండును. మరల చార్జి నిండిన పిమ్మట ఆఱు మూతలు విప్పి కొలిచి, కేలెండరుపై వ్రాయుదును. మొన్నటి పున్నమకు అయిదు ఘటములు 1.230 చూపినవి, ఆఱవది 1.180. ఒక ఘటము తక్కినవానికంటె ఇంత వెనుకబడుట మంచి లక్షణము కాదు. దిల్‌సుఖ్‌నగర్ కుఱ్ఱవానికి కబురుచేసితిని. మృగశిరకార్తె ప్రవేశింపకముందే క్రొత్తది తెచ్చి బిగించెదననెను.